మృచ్ఛకటికంలో సంస్కృతం ఎవరిది?

సంస్కృత సాహిత్యం మాట వచ్చినప్పుడల్లా మన అభ్యుదయ రచయితల్లో రెండు ధోరణులు కనిపిస్తాయి. అదంతా రాజాస్థానాల్లో పండితుల చేతుల్లో పుట్టిన పాలకవర్గ సాహిత్యమని, దానితో మనకు పనిలేదని తోసిపుచ్చడం ఒకటి. అందులోంచి ప్రగతిశీలమైన రచనలు ఒకటో రెండో ఏరి నెత్తికెత్తుకోవడం రెండోది. ఈ రెండోవారికి ఎప్పుడూ ముందుగా చేతికందేది శూద్రకుని 'మృచ్ఛకటికం'. దరిద్రుడైన నాయకుడు, వేశ్య నాయిక, దొంగ, జూదగాళ్లు, బానిస. చివరికి దుష్టుడైన రాజు చచ్చి గొల్లవాని కొడుకు ఆర్యకుడు రాజవుతాడు. ఇంతకన్న ఏం కావాలి అంటారు. మొదటివారు చదవకుండా తీర్పు చెబుతున్నారు. రెండోవారు కథ మాత్రం చదివి తీర్పు చెబుతున్నారు. ఈ నాటకాన్ని దాని భాషతో సహా చదివితే రెండు తీర్పులూ నిలవవు.

సంస్కృత నాటకం అని మనం పిలిచేది సంస్కృతంలో మాత్రమే ఉండదు. రాజులు, మంత్రులు, బ్రాహ్మణులు సంస్కృతం మాట్లాడాలని, స్త్రీలు, పరిచారకులు, కింది కులాలవాళ్లు ప్రాకృతం మాట్లాడాలని నాట్యశాస్త్రం కట్టడి చేసింది. ఏ ప్రాకృతం ఎవరికి చెందాలో కూడా పంచిపెట్టింది. మృచ్ఛకటికానికి వ్యాఖ్య రాసిన పృథ్వీధరుడు ఇందులోని భాషలను పేరుపేరునా లెక్కించాడు. శౌరసేని, అవంతిక, ప్రాచ్య, మాగధి. ఇవికాక శకారి, చాండాలి, ఢక్కి. చారుదత్తుడు, శర్విలకుడు, ఆర్యకుడు, విటుడు, న్యాయాధికారి వంటి కొద్దిమందిది సంస్కృతం. తక్కిన ఉజ్జయిని అంతా ప్రాకృతమే మాట్లాడుతుంది. బ్రాహ్మణుడే అయినా విదూషకుడికి కూడా సంస్కృతం దక్కలేదు.

అయితే మనం చదువుకున్నది ఈ నాటకం కాదు. అచ్చు ప్రతుల్లో ప్రాకృత వాక్యం వెంట 'ఛాయ' అనే పేరుతో దాని సంస్కృత రూపం ఇస్తారు. నేను చదువుకున్న తరగతిలో ప్రాకృతం దాటేసి ఛాయే చదివేవాళ్లం. పరీక్షలో దానికే అర్థం రాసేవాళ్లం. చండాలుడూ న్యాయాధికారీ ఒకే భాష మాట్లాడినట్టు మాకు తోచేది. నాటకకర్త పాత్రలకు ఇచ్చిన గొంతులన్నీ ఛాయలో ఒకే గొంతు అయిపోయాయి. సంస్కృతమంటే పైవర్గాల గొంతు మాత్రమేనని నమ్మడానికి మన చదువే సగం కారణం.

ఆ గొంతులు ఏం చెబుతున్నాయో చూద్దాం. ఆరో అంకంలో చెరనుంచి తప్పించుకున్న ఆర్యకుడు చారుదత్తుడి బండిలో దాక్కుంటాడు. కావలివాళ్లు చందనకుడు, వీరకుడు బండి ఆపుతారు. లోపలికి తొంగిచూసిన చందనకుడు ఆర్యకుడికి అభయమిస్తాడు. బయటికి వచ్చి చెప్పేటప్పుడు మాత్రం తడబడి పుంలింగం వాడతాడు. వెంటనే దిద్దుకుని వసంతసేన ఉందంటాడు. వీరకుడికి అనుమానం వస్తుంది. చందనకుడు ఏం చేశాడు? తాము దక్షిణాదివాళ్లమని, తమ మాట అస్పష్టమని, ఎన్నో మ్లేచ్ఛ జాతుల భాషలు తెలిసినవాళ్లం కనుక తోచినట్టు మాట్లాడతామని దబాయిస్తాడు. అదీ చాలకపోతే కర్ణాట కలహం ఒకటి పెట్టుకుంటానని తనలో అనుకుని మరీ తగువుకు దిగుతాడు. ఆ తగువులో ఒకరి కులాన్ని ఒకరు ఎత్తిపొడుచుకుంటారు: ఒకడు మంగలి, ఒకడు చర్మకారుడు. శుద్ధమైన వ్యాకరణం రానివాడని ఎగతాళి చేయడానికి నాగరికులు వాడుకునే మాటనే చందనకుడు డాలుగా పట్టుకున్నాడు. రాజ్యం తలకిందులు కావడానికి ఆ లింగదోషం అడ్డుపడలేదు. దాన్ని సమర్థించుకున్న తెలివి దారి ఇచ్చింది. ఛాయలో ఈ సన్నివేశం ఉత్త పొరపాటుగా మిగులుతుంది.

ఎనిమిదో అంకం ఇంకా పదునైనది. రాజశ్యాలుడైన శకారుడు వసంతసేనను చంపమని ముందు విటుణ్ణి, తర్వాత తన బానిస స్థావరకుణ్ణి అడుగుతాడు. ఇద్దరూ కాదంటారు. విటుడు సంస్కృత శ్లోకాల్లో కాదంటాడు. తర్వాత అతనికి వెళ్లిపోవడానికి దారి ఉంది, చేతిలో కత్తి ఉంది. స్థావరకుడు మాగధిలో కాదంటాడు. తన శరీరం మీద యజమానికి అధికారముందిగాని తన శీలం మీద లేదని అతని సమాధానం. అందుకు దెబ్బలు తింటాడు, సంకెళ్లతో మేడమీద బందీ అవుతాడు. పదో అంకంలో, నిరపరాధి చారుదత్తుణ్ణి వధ్యస్థానానికి తీసుకుపోతుంటే, ఆ సంకెళ్లతోనే కిందికి దూకి జరిగింది చెబుతాడు. బంగారం దొంగిలించినందుకు కొట్టాను, ఆ కక్షతో అంటున్నాడని శకారుడు ఒక్క మాట అంటాడు. సాక్ష్యం అక్కడితో ఆగిపోయింది. బానిస నిజం చెప్పినా ఎవరూ నమ్మరని స్థావరకుడే వాపోతాడు. బానిస సాక్ష్యానికి విలువలేని సమాజాన్ని ఇంత సూటిగా చూపిన సన్నివేశాలు ప్రాచీన సాహిత్యంలో అరుదు.

ఇంతమాత్రాన భాషల పంపకాన్ని తిరుగుబాటు అనుకోరాదు. నాటకంలో అందరికన్నా దుర్మార్గుడైన శకారుడిదీ మాగధికి దగ్గరి భాషే. వాడు 'స'ను 'శ'గా పలకడం, పురాణకథలు కలగాపులగం చేయడం ప్రేక్షకులను నవ్వించడానికి పెట్టినవి. తక్కువ పుట్టుకతో అధికారంలోకి వచ్చినవాడి మీద నాగరికుడి ఏవగింపు ఆ నవ్వులో ఉంది. మరోవైపు, చదువూ సంపదా ఉన్న వసంతసేన నాలుగో అంకంలో విదూషకుడితో ఉన్నట్టుండి సంస్కృతం మాట్లాడుతుంది. గణికకు శాస్త్రం ఇచ్చిన వెసులుబాటు అది. కులస్త్రీ హోదా దక్కకముందే కులీనుల భాష ఆమె నోట పలికింది.

కథకు కూడా ఇలాంటి హద్దులే ఉన్నాయి. తొమ్మిదో అంకంలో న్యాయాధికారి మనువును ఉదహరించి, బ్రాహ్మణుడు నేరస్థుడైనా వధ్యుడు కాడని, ధనంతో సహా దేశం దాటించాలని సిఫారసు చేస్తాడు. రాజు పాలకుడు వినక మరణశిక్ష వేస్తాడు. అంటే ఇక్కడ రాజు చేసిన అన్యాయంలో ఒక పాలు, బ్రాహ్మణుడికున్న మినహాయింపును కాలరాయడం. పాలకుణ్ణి యజ్ఞవాటికలో పశువును చంపినట్టు చంపుతారు. తర్వాత బహుమానాల పంపకం చూడండి. స్థావరకుడికి దాస్యవిముక్తి, వసంతసేనకు వధువు హోదా, చందనకుడికి దండపాలక పదవి. చండాలులకు? చండాలులందరి మీద పెత్తనం. తాము చండాల కులంలో పుట్టినా చండాలులం కామని, సజ్జనుణ్ణి హింసించేవాళ్లే చండాలులని అదే అంకంలో చెప్పినవాళ్లు వాళ్లు. రాజు మారాడు, వాళ్లు ఉన్నచోటనే ఉన్నారు. శకారుడికి మాత్రం చారుదత్తుడి క్షమాభిక్ష దొరికింది.

ఈ చర్చ మనకెందుకంటే, తెలుగు నాటకం కూడా ఈ దారిలోనే నడిచింది. వేదం వేంకటరాయశాస్త్రి 'ప్రతాపరుద్రీయం' (1897)లో పాత్రోచిత భాష తెచ్చినప్పుడు సంస్కృత నాటకాల ప్రాకృతాన్నే ఆధారం చూపాడు. పై పాత్రలకు గ్రాంథికం, కింది పాత్రలకు వాడుక మాట. నాట్యశాస్త్రపు మెట్లు తెలుగులో తిరిగి కట్టినట్టే అయింది. అదే ఏడు వెలువడిన 'కన్యాశుల్కం'లో గురజాడ ఆ మెట్లు ఎక్కలేదు. అగ్నిహోత్రావధానులుకీ వాడుక భాషే ఇచ్చాడు. 1958లో హబీబ్ తన్వీర్ ఢిల్లీలో మృచ్ఛకటికాన్ని 'మిట్టీ కీ గాడీ'గా ప్రదర్శించినప్పుడు ఛత్తీస్‌గఢీ జానపద కళాకారులను రంగస్థలం ఎక్కించాడు. ఛాయ మింగేసిన గొంతులకు ప్రాణం పోసే దారి అది.

కనుక సంస్కృతాన్ని పూజించేవాళ్లకు మొత్తంగా వదిలిపెట్టడమంటే స్థావరకుణ్ణి కూడా వాళ్లకు వదిలిపెట్టడమే. విప్లవ నాటకమని ముద్రవేసి మోయడమంటే చివరి అంకంలోని చండాలులను మరిచిపోవడమే. ఈ నాటకాన్ని తెలుగు చేయబోయే రచయిత, పాఠం చెప్పబోయే అధ్యాపకుడు ముందుగా ఛాయను పక్కనపెట్టాలి. ఏ పాత్రకు ఏ ఊరి తెలుగు, ఏ శ్రమలో పుట్టిన తెలుగు ఇవ్వాలో తేల్చుకోవాలి. అది తేలితే ఈ నాటకంలో పైభాష ఎవరికి దక్కిందో, ఆ భాష లేకుండానే నిజం ఎవరు చెప్పారో మన ప్రేక్షకుడికి చెవితోనే తెలుస్తుంది.