స్టీవెన్సన్ కాలువ మీద ఒక వానరోజు

స్టీవెన్సన్ తొలి పుస్తకం ‘యాన్ ఇన్‌లాండ్ వాయేజ్’ (1878)లోని కాలువ అధ్యాయంలో చెప్పుకోదగ్గ సాహసమేదీ లేదు. బెల్జియంలోని విల్లెబ్రూక్ కాలువలో గడిచిన రోజులో విడతలుగా చలివాన, తెరచాపకు సహకరించని గాలి, లాకు తరవాత లాకు, సరిగా ఉడకని గుడ్లు. అయినా అతడి చూపు సరకుపడవల మీదే నిలుస్తుంది. ఇల్లు వదలకుండానే దేశాలు తిరిగే ఆ బతుకులో వ్యాయామం చాలదని ఒప్పుకుంటూనే, గొప్ప ఆరోగ్యం రోగిష్ఠులకే అవసరమంటాడు. దీన్ని చమత్కారంగా మాత్రమే చదవడం పొరపాటు. పసితనం నుంచీ ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడుతూ వచ్చిన మనిషి, 1876లో వానలో తడుస్తూ కూడా ఈ అధ్యాయంలో తన జబ్బు ఊసెత్తడు. పడవవాళ్ళ చాకిరీ ఇందులో దాదాపు కనిపించకపోవడం లోపమే. కానీ పడుకున్నచోటికే గట్లూ చెట్లూ ఊళ్ళూ నడిచి రావడం, బహుశా, ఎడింబరోలో జబ్బుపడిన ఆ పిల్లవాడి పాత కోరిక.