రచ్చబండా, ఫ్యాబ్రికేటరా?

మధిరలో నలుగురు కుర్రాళ్లు కలిసి ఓపెన్ సోర్స్ పని మొదలుపెట్టారనుకుందాం. మొదటి తగవు కోడ్ దగ్గర రాదు, పనుల చిట్టా ఎక్కడ పెట్టాలన్న దగ్గర వస్తుంది. ఒకరు ట్రెల్లో అంటారు, ఒకరు గిట్‌హబ్ అంటారు, వాట్సాప్ గ్రూపు చాలదా అని ఇంకొకరు. ఈ తగవులో మనకు పనికొచ్చే అనుభవం తెలుగులోనే ఉంది. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియాలో చర్చ రచ్చబండ పేజీలో నడుస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో మార్పు కావాలంటే వికీమీడియా వారి పనుల చిట్టా అయిన ఫ్యాబ్రికేటర్‌కు వెళ్లాలి.

రచ్చబండ అంటే మామూలు వికీ పేజీయే. శీర్షిక పెట్టి, రాసి, సంతకం చేస్తే సరి. అంతా తెలుగులో, ఫోన్లోంచే. కొత్తవాడు జంకకుండా అడుగుపెట్టగలిగేది ఇక్కడే. కానీ చర్చ చివర అందరూ ‘బాగుంది, చేద్దాం’ అంటారు. చేసేదెవరు? ఎప్పటికి? ఆ గడి పేజీలో లేదు. కొన్నాళ్లకు చర్చ పాత చర్చల పేజీకి తరలిపోతుంది, పని తేలిందో లేదో వెతుక్కోవాల్సిందే.

ఫ్యాబ్రికేటర్ తీరు పూర్తిగా వేరు. పని ఒక్కొక్కదానికీ ‘టి’తో మొదలయ్యే సంఖ్య, బాధ్యుడి పేరు, ప్రాధాన్యం ఉంటాయి. అన్నిటికన్నా అత్యవసరమైన మెట్టు పేరు ‘అన్‌బ్రేక్ నౌ’. హడావుడి పేరులోనే ఉంది. వికీమీడియా 2014లో అంతకుముందు వాడిన బగ్‌జిల్లా అనే బగ్‌ల చిట్టా నుంచి ఫ్యాబ్రికేటర్‌కు మారినప్పుడు పాత బగ్ సంఖ్యలకు 2000 కలిపి కొత్త సంఖ్యలిచ్చింది. పాత చర్చలో ఎవరో పేర్కొన్న బగ్‌ను ఇవాళ కూడా చిన్న కూడికతో పట్టుకోవచ్చు. ఫ్యాబ్రికేటర్‌లోని రంగురంగుల పనుల బోర్డులన్నిటికన్నా నాకు ఈ జాగ్రత్తే ఎక్కువ నచ్చింది. లోటల్లా భాష. తెలుగులో రాయకూడదని ఎవరూ అనరు, కానీ సరిచేయాల్సిన ఇంజనీరుకు అది అర్థం కాదు. ఇంగ్లీషు అంతంతమాత్రమైన సభ్యుడు గుమ్మంలోనే ఆగిపోతాడు.

అయినా ఇవి రెండూ ఒకదాన్నొకటి తోసేసుకోలేదు. వికీ అమరికల్లో ఏదైనా మార్చమని ఫ్యాబ్రికేటర్‌లో అడిగితే, మీ సముదాయం ఒప్పుకున్న చర్చ లింకు ఏదని అడుగుతారు. ఆ లింకు రచ్చబండ నుంచే రావాలి. నిర్ణయం ఒకచోట, అమలు మరోచోట. మధ్యలో ఒక లింకు. చిన్న బృందాలు అరువు తెచ్చుకోవాల్సింది ఈ పద్ధతినే.

అయితే అన్ని పనులూ ఫ్యాబ్రికేటర్‌లో ఇమడవు. తెలుగు వికీపీడియాలో ఉమ్మడి ఖమ్మం జిల్లా ఊళ్ల పేజీలనే చూడండి. కూనవరం 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు తూర్పు గోదావరికి వెళ్లింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. నడుమ 2016లో ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం విడిపోయింది. మధిర ఖమ్మంలోనే ఉండిపోయింది కానీ దాని చుట్టూ జిల్లా పటం మారింది. ఇలాంటి మార్పును ఊరూరి పేజీలోనూ దిద్దాలంటే ఫ్యాబ్రికేటర్‌లో ఊరికో టికెట్ తెరవడం వృథా ప్రయాస. ఒక వికీ పేజీలో మండలాల వారీగా పట్టిక వేసి, దిద్దిన ఊరి పక్కన సంతకం చేస్తే చాలు. ఒకే తీరు దిద్దుబాట్లను వరసగా చేసిపెట్టే ఆటోవికీబ్రౌజర్ అనే పరికరానికి అప్పగించవచ్చు. ఇక్కడ నా ఓటు నిస్సంకోచంగా వికీ పేజీకే.

పరికరం ఆగిపోతే ఏమిటన్నది ఎంచుకునేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న. ఫ్యాబ్రికేటర్‌ను తయారుచేసిన ఫాసిలిటీ సంస్థ 2021లో చేతులెత్తేసింది. దాని మూల కోడ్ అందరిదీ కాబట్టి వాడుకరులే ఫోర్జ్ పేరుతో దాన్ని కొనసాగించారు, వికీమీడియా పనులు ఆగలేదు. గిట్‌హబ్ సంగతి అలా కాదు. 2018లో మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లిన ఆ వేదిక మూల కోడ్ మనకు అందుబాటులో లేదు. గిట్ క్లోన్ కొడితే మన కోడ్ మొత్తం వస్తుంది. ఇష్యూలు అనే పనుల చిట్టా, వాటి కింది వాదనలు రావు, వాటిని విడిగా దింపుకోవాలి. హైదరాబాదు స్వేచ్ఛ సంస్థలాగా సొంత గిట్‌ల్యాబ్ నడుపుకుంటే ఆ బెంగ తగ్గుతుంది. బదులుగా సర్వరు బాధ్యత మెడకు చుట్టుకుంటుంది. మధిర కుర్రాళ్లకు ఆ బరువు ఇప్పుడే వద్దంటాను. గిట్‌హబ్ ఇష్యూలు వాడుకోమనండి, నెలకోసారి వాటి నకలు దింపుకోమనండి. పనులను దశలవారీ వరసల్లో చూపే కాన్‌బాన్ బోర్డు సంగతి మాత్రం మూసివేయని ఇష్యూలు ఒక్క చూపుకు అందనన్ని అయినప్పుడు చూసుకోవచ్చు.