నిఘా కింద మాత్ర

అమెరికా ఆసుపత్రుల రికార్డులకు హైదరాబాద్‌లో కూర్చుని కోడ్‌లు వేసే మాలాంటి వాళ్లం కోడ్ పుస్తకాన్ని వెతుక్కోవడానికే తెరుస్తాం, చదవడానికి కాదు. ఈమధ్య అందులోని గర్భనిరోధక విభాగాన్ని, జెడ్ 30ని, ఓ కథ చదివినట్టు చదివాను.

మాత్రలు మొదటిసారి రాస్తే జెడ్ 30.011. అవే మాత్రలు మళ్లీ రాయించుకోవడానికి వస్తే జెడ్ 30.41. ఈ రెండోదాని పేరులో ‘సర్వైలెన్స్’ అనే మాట ఉంది. ‘పర్యవేక్షణ’ అని మెత్తగా అనువదించుకోవచ్చు. నాకు మాత్రం నిఘా అనే వినిపిస్తుంది. బీపీకి ఏళ్ల తరబడి మందులు మింగేవారికి పడే జెడ్ 79 పేరులో ఉన్నది దీర్ఘకాల మందుల వాడకమే, నిఘా లేదు.

ఇది ఒట్టి మాటల గొడవ కాదు. 2012లో అమల్లోకి వచ్చిన నిబంధన వల్ల అక్కడ చాలా బీమా పథకాలు గర్భనిరోధానికి స్త్రీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. అదే మాత్రను నెలసరి నొప్పికని రాసి ఎన్ 94.6 ఒక్కటే వేస్తే అది నివారణ కాదు, చికిత్స. అప్పుడు ఆమె చేతి డబ్బు పెట్టుకోవాల్సి రావచ్చు. నొప్పీ ఉండి, గర్భమూ వద్దనుకునే స్త్రీ సంగతేమిటి? (అలాంటి స్త్రీ లేని ఇల్లెక్కడుంది?) రెండు కోడ్‌లూ వేయొచ్చు, పుస్తకం అడ్డు చెప్పదు. కానీ ఆమె డాక్టరుతో ఏం చెప్పుకుందో మా దాకా రాదు. డాక్టరు రాసిన రెండు లైన్లే వస్తాయి. అందులో లేని కారణాన్ని మేం ఊహించి వేస్తే ఆడిట్‌లో తప్పు పడుతుంది.