గుండీ, అగ్గిపుల్ల, మేక గుండె

ఈ వారం ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ ప్రదర్శన చూడటానికి వెళ్లిన ఈ కాలమిస్టుకు ముందు చిరాకేసింది, కాసేపటికి ప్రాణం లేచొచ్చింది.

చిరాకు హాల్లో మొదలైంది. గుమ్మంలో అడుగు పెట్టగానే కంటబడేలా ఒక రోబో చెయ్యి పెట్టారు. కిట్ డబ్బాలో వచ్చిన ముక్కల్ని డబ్బాలోనే వచ్చిన కాగితం చూసి బిగించిన చెయ్యి. బటన్ నొక్కితే అయిదు వేళ్లూ ముడుచుకుంటాయి, మళ్లీ నొక్కితే విచ్చుకుంటాయి. పక్కన నిలబడ్డ అబ్బాయి ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. "ఈ చెయ్యి ఎవరికి పెడతారు బాబూ?" అని అడిగితే బిత్తరపోయి టీచర్ వైపు చూశాడు. ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. ఆ ప్రశ్న వాడిని అంతవరకూ ఎవరూ అడగలేదు.

ప్రాణం లేచొచ్చింది మాత్రం వరండా చివర, బయాలజీ టీచర్ గదిలో. బల్లమీద ప్లాస్టిక్ గరాటులు, కత్తిరించిన బెలూన్లు, మేస్త్రీలు గోడలు కట్టేటప్పుడు నీటిమట్టం చూసుకునే గొట్టం ముక్కలు, చొక్కా గుండీలు, అగ్గిపెట్టెలు ఉన్నాయి. ఒక స్టీలు పళ్లెంలో మేక గుండె ఉంది. ఆషాఢం కావడంతో ఆడపిల్లల చేతులన్నీ గోరింటాకు పండి ఎర్రగా ఉన్నాయి. బయోమెడికల్ ఇంజినీరింగ్ అని ఆ గది తలుపు మీద ఎవరూ రాయలేదు. లోపల జరుగుతున్నది మాత్రం అదే. ఒంట్లో ఏం జరుగుతోందో వినడానికి, కొలవడానికి, చెడితే సరిచేయడానికి పరికరం ఎలా పుడుతుందో పిల్లలు చేత్తో చేసి తెలుసుకుంటున్నారు.

ఇవన్నీ ఆ టీచర్ ఎక్కడో విదేశీ పుస్తకాల్లో వెతికి తెచ్చినవి కావు. రాష్ట్ర సిలబస్‌లో పదో తరగతి జీవశాస్త్రం చదివినవాళ్లకు ప్రసరణ పాఠం గుర్తుండే ఉంటుంది. గుండీలో అగ్గిపుల్ల గుచ్చి నాడి చూడటం, స్టెతస్కోప్ పుట్టుక, మేక లేదా గొర్రె గుండెను కోసి పరిశీలించడం, మూడూ అందులో ఉన్నవే. చాలా బళ్లలో వాటి కింద గీత గీసుకుని, పరీక్షకు ముందు బట్టీ పట్టి వదిలేస్తారు. ఈ టీచర్ వాటిని చేయిస్తోంది. అంతే తేడా, కానీ ఆ తేడా చాలా పెద్దది.

నాడి దొరికే చోట గుండీని ఆనించి చేతిని కదలకుండా ఉంచితే, అగ్గిపుల్ల కొస సన్నగా ఊగుతుంది. ఒకమ్మాయి ఊపిరి బిగబట్టి ఆ కొసనే చూస్తూ పదిహేను సెకన్లు లెక్కపెట్టింది. పద్దెనిమిది వచ్చాయి. అదే చేతికి ఆమె స్నేహితురాలు లెక్కపెడితే పంతొమ్మిది. నాలుగుతో హెచ్చవేస్తే ఒకరికి 72, ఇంకొకరికి 76.

"ఒక్క దెబ్బ తప్పితే నిమిషానికి ఎంత తేడా వచ్చిందమ్మా?"

"నాలుగు, మేడమ్."

"మరేం చెయ్యాలి?"

"నిమిషం మొత్తం లెక్కపెట్టాలి మేడమ్."

ఆ జవాబు కోసం టీచర్ తొందరపడలేదు, అందించలేదు. పిల్లలు తమంతట తాము అక్కడికి వచ్చారు.

స్టెతస్కోప్ పని ఇంకా సందడిగా సాగింది. గరాటు మూతికి బెలూన్ రబ్బరు బిగుతుగా లాగి కట్టారు. కాడకు గొట్టం తొడిగి, రెండో కొసను చెవి దగ్గర పెట్టుకున్నారు. మొదట ఎవరికీ ఏమీ వినపడలేదు. ఫ్యాన్ ఆపమన్నారు. ఒక కుర్రాడు గరాటును కొంచెం ఎడమకు జరిపి "వచ్చిందిరోయ్!" అని కేక పెట్టాడు. లబ్ అనేది కర్ణికలకూ జఠరికలకూ మధ్య ఉన్న కవాటాలు మూసుకున్నప్పటి చప్పుడనీ, డబ్ అనేది పెద్ద ధమనుల మొదట్లోని కవాటాలు మూసుకున్నప్పటిదనీ పుస్తకంలో చదివినప్పుడు ఎవరికీ పట్టలేదు. వాళ్ల గుండే చెప్పేసరికి పట్టింది. 1816లో పారిస్ డాక్టర్ రెనె లెనెక్ కూడా ఇలాగే మొదలుపెట్టాడు. కర్ర ముక్కకు ఒక కొసన గుండుసూదితో గీస్తే రెండో కొసన చెవి ఆనించినవాళ్లకు స్పష్టంగా వినపడుతుందన్న సంగతి ఆయనకు గుర్తొచ్చింది. కాగితాల దస్తాను గొట్టంలా చుట్టి రోగి ఛాతీ మీద పెట్టాడు. తర్వాత చెక్కతో చేయించాడు.

మేక గుండె సంగతి చెప్పాలంటే ముందు మటన్ కొట్టు దగ్గర మొదలుపెట్టాలి. పొద్దున్నే వెళ్లి అడిగితే గాట్లు పడిన గుండె, పైనున్న గొట్టాలన్నీ కత్తిరించేసిన గుండె దొరుకుతుంది. అది పాఠానికి పనికిరాదు. ముందురోజు సాయంత్రమే చెప్పి, మహాధమనిని రెండంగుళాలైనా ఉంచి, ఎక్కడా కోయకుండా ఇమ్మనాలి. ఈ టీచర్ అలాగే తెప్పించింది. మహాధమనిలో నెమ్మదిగా నీళ్లు పోస్తే అవి కిందికి జఠరికలోకి జారకుండా నిలిచాయి. పై నుంచి తొంగిచూస్తే మూడు పల్చటి పొరలు చొక్కా జేబుల్లా నీళ్లతో నిండి ఒకదానికొకటి ఆనుకుని దారి మూసేశాయి. క్లాసు మొత్తం ఆ పళ్లెం మీదికి ఒరిగింది. తమ నాడి లెక్క ప్రకారం ఆ తలుపు ఏడాదికి ఎన్నిసార్లు మూసుకోవాలో పిల్లలు అక్కడే హెచ్చవేశారు. 72 లెక్కన దాదాపు 3 కోట్ల 80 లక్షలు. అన్నిసార్లు మూసుకున్నా విరగని కవాటాన్ని మనిషి చేయాలంటే ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం చేసిన కవాటాల్లో ముందటి నమూనాలు పరీక్షలకు తట్టుకోలేదు. నాలుగో నమూనాను 1990లో మొదటిసారి మనిషికి అమర్చారు.

చేత్తో చేయని చదువు చదువే కాదని ఈ కాలమ్ ఎన్నిసార్లు వాదించిందో పాత పాఠకులకు తెలుసు. కిట్లు అమ్మేవాళ్లకు ఈ శీర్షిక అంటే పడదు కూడా. అందుకే ఈ కాలమిస్టు ఎక్కడికెళ్లినా గుండీ కథ చెబుతాడు. గుండీ రంధ్రాల్లోంచి దారం దూర్చి, రెండు చేతులతో లాగి వదులుతూ గిర్రున తిప్పే ఆట ఆడని తెలుగు పిల్లలుండరు. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం అదే ఆటను కాగితంతో చేసి 2017లో పేపర్‌ఫ్యూజ్ అని లోకానికి చూపింది. దాని ఖర్చు 20 సెంట్లు. నిమిషానికి 1,25,000 చుట్ల వరకూ తిరిగి, కరెంటు లేకుండానే రక్తంలోంచి ప్లాస్మాను విడదీస్తుంది.

ఇంకో కథ కూడా చెబుతాడు, అది అతను చూసిందే. తొమ్మిదో తరగతిలో అతని పక్కన కూర్చునే స్నేహితుడికి పసితనంలోనే పోలియో వచ్చింది. కాలికి రెండువైపులా ఇనప కమ్మీలు, తోలు పట్టీలు, కింద బరువైన బూటు. వరండాలో వస్తుంటే చప్పుడును బట్టే వాడని తెలిసేది. ఒకరోజు మోకాలి దగ్గర బోల్టు విరిగింది. పట్నం ఆసుపత్రికి వెళ్లాలంటే రానూపోనూ ఒక రోజు కూలీ పోతుంది. వాళ్ల నాన్న సైకిల్ షాపుకు తీసుకెళ్లాడు. షాపు బాబాయ్ ముందు బోల్టు ముట్టుకోలేదు. వాణ్ణి బల్లమీద కూర్చోబెట్టి పట్టీలు విప్పించి, చర్మం కమిలిన చోట బొటనవేలితో మెల్లగా నొక్కి, "ఇక్కడేనా నొప్పి నాయనా? ఏదీ, నాలుగడుగులు వెయ్యి" అన్నాడు. నడక చూశాక పాత ట్యూబు ముక్క కోసి పట్టీ లోపల మెత్తగా పెట్టాడు. సైకిల్ బోల్టును ఆకురాయితో అరగదీసి బిగించాడు. బోరింగు దాకా నడిపించి, వెనక్కి పిలిచి, మళ్లీ వదులు చేశాడు. మళ్లీ నడిపించాడు. వాడికి నొప్పి తగ్గేదాకా డబ్బుల మాట ఎత్తలేదు. రోబో చెయ్యి దగ్గర నిలబడ్డ అబ్బాయికి అందనిది ఈ చదువే.

ఇక్కడిదాకా వచ్చాక కిట్లు దండగ, గరాటు చాలు అని తీర్పు చెప్పేయడం తేలిక. కానీ ఆ కథ అక్కడితో అయిపోదు. బాబాయ్ బోల్టు మార్చాడు గానీ ఇనుము బరువు తగ్గించలేకపోయాడు. అది ఆయన చేతిలో ఉన్న పని కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో చిన్నపిల్లలు మూడు కిలోలకు పైగా బరువుండే అలాంటి కమ్మీలనే ఈడ్చుకుంటూ నడిచేవారని, క్షిపణుల కోసం తయారైన తేలికపాటి పదార్థంతో తమ బృందం వాటిని 300 గ్రాములకు దించిందని అబ్దుల్ కలామ్ ఎన్నో సభల్లో చెప్పారు. తన జీవితంలోని గొప్ప ఆనందాల్లో దాన్ని ఒకటిగా చెప్పుకున్నారు. ఆ 300 గ్రాముల వెనక ఖరీదైన ప్రయోగశాల ఉంది. పేపర్‌ఫ్యూజ్ సంగతీ అంతే. కాగితం చౌకే. అది ఎంత వేగంగా తిరుగుతోందో తేల్చడానికి మాత్రం హైస్పీడ్ కెమెరా కావాల్సి వచ్చింది.

ఆ బయాలజీ గదిలోనూ పాఠం చివరికి అక్కడికే చేరింది. టీచర్ దగ్గర కోవిడ్ నాటి పల్స్ ఆక్సీమీటర్ ఉంది. ఎర్ర కాంతినీ, కంటికి కనపడని పరారుణ కాంతినీ వేలిలోంచి పంపి, ఏది ఎంత ఆగిపోయిందో చూసి ఆక్సిజన్ లెక్కగడుతుంది. జపాన్ ఇంజినీర్ టకువో అవోయాగి 1970లలో కనిపెట్టిన పద్ధతి అది. "మేడమ్, గోరింటాకు ఎర్రగా ఉందిగా, తప్పు చూపిస్తుందా?" అని ఒకమ్మాయి అడిగింది. గోరింటాకు పెట్టని వేలికి, పెట్టిన వేలికి మార్చి మార్చి చూశారు. 98, 97. లెక్కల మాస్టారి దగ్గరున్న ఇంకో మీటరు తెచ్చి పెడితే అదే వేలికి 95. ఏది నిజం? ఆ ప్రశ్నకు గదిలో జవాబు లేదు. సరిచూసిన పరికరం ఒక్కటి ఉంటేగాని తేలదు.

ఆ అమ్మాయిది చిన్న సందేహం కాదు. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా డాక్టర్లు ఒక పరిశీలన ప్రచురించారు. ఆక్సీమీటర్ 92 నుంచి 96 మధ్య చూపించినప్పుడు కూడా రక్తపరీక్షలో ఆక్సిజన్ 88 కన్నా తక్కువని తేలిన కొలతలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవారిలో 3.6 శాతం. చర్మం రంగు లెక్కను మారుస్తుందన్న అనుమానం అంతకు చాలాకాలం ముందునుంచే ఉంది. మన పిల్లల చర్మం మీద ఏ పరికరం ఎంత నిజం చెబుతుందో అడగాల్సింది మన పిల్లలే.

అందుకని ఈ కాలమ్ ఇప్పుడు చెప్పేది ఇదీ. గరాటు ఉండాలి, దాని పక్కన మంచి స్టెతస్కోప్ కూడా ఉండాలి. అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు పెట్టుకోవడానికి కేంద్రం ఒక్కో బడికి 20 లక్షల రూపాయల వరకూ ఇచ్చింది. ల్యాబ్ వచ్చిన బళ్లలో దాని తాళంచెవి బయాలజీ టీచర్‌కు కూడా ఇవ్వాలని హెడ్మాస్టర్లకు మనవి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్లు ఏడాదికి ఒక్క పీరియడ్ వచ్చి, తాము వాడే పరికరంతో పిల్లల పరికరాన్ని సరిచూసి చూపించాలి.

పాఠకులకు ఒక మాట. 2021లో కొన్న ఆక్సీమీటర్, వాడటం మానేసిన బీపీ మిషన్ చాలా ఇళ్లలో సొరుగుల్లో పడున్నాయి. వాటిని మీ ఊరి హైస్కూల్ బయాలజీ టీచర్‌కు ఇవ్వండి. సరిగ్గా పనిచేయకపోయినా ఫర్వాలేదు, పిల్లలు పోల్చిచూడటానికి పనికొస్తాయి. బ్యాటరీలు మాత్రం ముందే తీసేసి ఇవ్వండి.