పాట ఎవరితో మాట్లాడాలి?

మా మెదక్‌లో కుర్రాళ్ళు నలుగురు కొత్తగా బ్యాండు పెట్టారు. కొన్నాళ్ళు సినిమా పాటలే పాడి, "ఇగ మన పాటలే పాడాలె" అని పట్టుబట్టి, మొన్న రాసిన కాగితాలు నా ముందు పరిచారు. "నవలలు రాస్తవు గదా, జర చూడక్కా!"

చూశాను. వెన్నెలుంది, విరహముంది, ప్రాస తూచినట్టు కుదిరింది. రాసిన అబ్బాయి వాళ్ళమ్మ బీడీలు చుడుతుంది. ఆమె మాట ఒక్కటీ ఆ పాటల్లో లేదు. "అమ్మకు వినిపించావా?" అన్నాను. నవ్వేశాడు: "ఆమెకేం సమజైతది!"

ఆ మాటకే, 2023లో కన్నుమూసిన గద్దర్ గుర్తొచ్చారు. మన జిల్లా తూప్రాన్ మనిషే. మొదట బుర్రకథలు చెప్పేవారు. బి. నరసింగరావు గారు రాయమంటే 1971లో "ఆపరా రిక్షా" రాశారు. పేరులోనే పాఠముంది చూడండి: ఎదుట ఓ మనిషి ఉంటేనే కదా 'ఆపరా' అనగలం! పాటకన్నా ముందు శ్రోత పుట్టాడు.

అలాగని ఒకరి పాట పాడటం తక్కువేం కాదు. 1980లో విడుదలైన "మా భూమి"లో ఆయన పాడుతూ కనిపించింది బండి యాదగిరి పాట. అది ఆయన సొంతం కాదని వినేవాళ్ళకు తోచిందా?

అందరూ ఉద్యమగీతాలే రాయాలని కాదు నా గోల. వెన్నెల గురించే రాయండి. కానీ ఎవరి వాకిట్లో వెన్నెల?

నిన్న ఆ అబ్బాయి మళ్ళీ వచ్చాడు. ఓ చరణం కొట్టేసి ఉంది. "గిట్ల ఎవరూ మాట్లాడరు బిడ్డా అన్నదక్కా అమ్మ" అన్నాడు, కాస్త చిన్నబుచ్చుకుని.

బ్యాండుకు అసలైన విమర్శకురాలు దొరికింది. ఇక నాతో పనిలేదు.