మధుపాత్ర పక్కన పుస్తకం: మెట్టసీమలో ‘పానశాల’ పఠనం

ఉమర్ ఖయ్యాం రుబాయీల గురించిన చర్చ తరచుగా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఆ పద్యాలలోని మధువు ద్రాక్షరసమా, లేక దైవప్రేమకు సూఫీ సంకేతమా? దువ్వూరి రామిరెడ్డి (1895–1947) ‘పానశాల’ను చదివేటప్పుడు కూడా మనం ఈ ప్రశ్నతోనే మొదలుపెడతాం. మధువు ద్రాక్షరసమే అనుకుంటే భోగవాదమని ఆక్షేపిస్తాం, సంకేతమే అనుకుంటే వేదాంతమని ఆదరిస్తాం. ఈ రెండు మార్గాల్లోనూ మధుపాత్ర పక్కనే ఉన్న మరో వస్తువు మన దృష్టికి రాదు. అది పుస్తకం. ఖయ్యాం ఊహించిన మధుప్రియుడు చదువరి కూడా. అతని విందులో పుస్తకానికి ఉన్న స్థానం ఏమిటి, ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రశ్నలను బద్వేలు నుంచి అడగడానికి కారణం ఉంది. కడప జిల్లాలోని ఈ పట్టణానికి తూర్పున వెలిగొండలు, వాటికి ఆవల నెల్లూరు జిల్లా. నెల్లూరు నుంచి ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు మీదుగా ప్రొద్దుటూరుకు సాగే రహదారి ఈ రెండు సీమలను కలుపుతుంది. ‘పానశాల’ కర్త నెల్లూరు జిల్లా కవి. సారా అంగళ్లను మూయించిన స్త్రీల ఉద్యమం పుట్టిందీ ఆ జిల్లాలోనే. ‘వైన్స్’ అని బోర్డు పెట్టుకున్న అంగడిలో ప్రధానంగా బ్రాందీ, విస్కీ అమ్ముడుపోయే ప్రాంతంలో ‘పానశాల’ పాఠకుడు మధువు అన్న మాటను కావ్యార్థంలో మాత్రమే వినలేడు. వీధిలోని అర్థం కూడా అతని చెవిన పడుతుంది.

పుస్తకం ప్రస్తావన వచ్చే రుబాయీ సుప్రసిద్ధం. ఖయ్యాం పేరిట ప్రచారంలో ఉన్న పారసీక మూలంలో కవి కోరేవి చాలా తక్కువ: కొంచెం ఎర్రని మధువు, ఒక దీవాను అంటే కవితా సంపుటి, ప్రాణం నిలుపుకోవడానికి సగం రొట్టె. వీటితో నీవూ నేనూ ఒక పాడుచోట కూర్చుంటే సుల్తాను రాజ్యం కన్నా అది మేలని భావం. 1859లో ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషు అనువాదంలో ఆ పాడుచోటు చెట్టుకొమ్మ నీడగా మారింది. సగం రొట్టె నిండు రొట్టె అయింది. ఆ తొలి కూర్పులో రొట్టె ముందు, మధువు తరువాత, పుస్తకం ఆ తరువాత వస్తాయి. 1872 నాటి మూడో కూర్పులో పుస్తకం అన్నిటికన్నా ముందుకు వచ్చింది, రొట్టె వెనక్కి జరిగింది.

ఈ మార్పును లయ కోసం చేసిన సవరణగా మాత్రమే భావించలేం. మూలంలో ఆకలికి చోటుంది. అక్కడి ‘సగం రొట్టె’ వినయానికి గుర్తు కాదు, బతుకుకు కనీసపు హద్దు. ఇంగ్లీషులో ఆ హద్దు మాసిపోయి, తీరిక గల పాఠకుని వనవిహారం మిగిలింది. 1892లో లండన్‌లో వెలసిన ఉమర్ ఖయ్యాం క్లబ్బు సభ్యులు విందుబల్ల చుట్టూ చేరి ఈ కవిని స్మరించుకున్నారు. మధువు, గ్రంథం, స్నేహం కలిసిన గోష్ఠికి ఇది ఆధునిక రూపం. అక్కడ రొట్టె గురించి ఎవరికీ బెంగ లేదు.

తెలుగులోకి ఖయ్యాం పలు దారుల్లో వచ్చాడు. ఆదిభట్ల నారాయణదాసు పారసీక మూలాన్నీ ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషునూ పక్కపక్కన ఉంచి, రెంటినీ సంస్కృతంలోకి, అచ్చతెనుగులోకి అనువదించారు. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా కూడా ఖయ్యాంను తెలుగు చేశారు. రామిరెడ్డి స్వయంగా పారసీకం నేర్చుకుని మూలం నుంచి అనువదించారు. ‘కృషీవలుడు’ రాసిన కవి ఈ పని చేశాడన్నది గమనించదగిన విషయం. రైతు శ్రమను కావ్యవస్తువుగా నిలబెట్టిన కవికి రొట్టె విలువ తెలియదనలేం.

రామిరెడ్డి పదసంపదలో ఒక సామీప్యం ఈ చర్చకు ఉపకరిస్తుంది. లోకాన్ని పాత బాటసారుల సత్రంగా చూపే రుబాయీలోని ‘రబాత్’కు ఆయన వాడిన మాట ‘పాంథశాల’. గ్రంథానికి పెట్టిన పేరు ‘పానశాల’. రెండు మాటల మధ్య ధ్వనిలో ఉన్న భేదం స్వల్పం. పాంథశాలలో రాజులైనా ఒక పూట ఉండి వెళ్లిపోయేవారే. పానశాలను ఆ అర్థం పక్కన పెట్టి చదివితే అది తాగుడుకు ఆహ్వానం కాదని, ఎవరికీ శాశ్వత హక్కు లేని బసలో కొద్దిసేపు జరిగే సహవాసమని తెలుస్తుంది. ఆ సహవాసానికి నాలుగు అంగాలు: మధువు, రొట్టె, పుస్తకం, ‘నీవు’. ఒకటి మరొకదాన్ని మింగివేస్తే విందు చెడుతుంది. నీతివాద విమర్శ మధువును మాత్రమే చూసి కావ్యాన్ని నిరాకరించింది. సంకేతవాద విమర్శ మధువును ఆవిరి చేసి కావ్యాన్ని కాపాడింది. మిగిలిన మూడు అంగాలను రెండూ వదిలేశాయి.

ఈ లోపాన్ని బయటపెట్టినది సాహిత్యేతరమైన ఒక పఠన సందర్భం. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ఆరంభమైంది. రాత్రి బడుల్లో స్త్రీలు చదివిన వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉంది. అది సారా వల్ల చితికిన కుటుంబంలోని స్త్రీ కథ. పాఠాన్ని గొంతెత్తి చదివి, తమ ఇళ్ల సంగతులతో పోల్చుకుని మాట్లాడుకున్న స్త్రీలు కథను కథగా వదిలిపెట్టలేదు. కలిగిరి మండలం దూబగుంటలో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఆ విజయం తరువాతి వాచకంలో ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠమై ఇతర గ్రామాలకు చేరింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. చట్టం వెనక్కి తగ్గినా, చదువు ఒక ఊరి అనుభవమై, ఆ అనుభవం మళ్లీ చదువై తిరిగిన క్రమం తెలుగు పఠన చరిత్రలో నిలిచింది.

మధ్యయుగపు పారసీక కవిని ఇరవయ్యో శతాబ్ది ఉద్యమంతో తూచడం కాలదోషమని ఆక్షేపణ రావచ్చు. ఇక్కడ జరుగుతున్నది తీర్పు కాదు. కావ్యంలోని ‘నీవు’ ఎవరన్న ప్రశ్నకు ఆ ఉద్యమం చూపిన వెలుగును గుర్తించడమే. రుబాయీలో ‘నీవు’ మాట్లాడదు. విందులో పక్కన కూర్చుని ఉంటుంది. సారా అంగడి విషయానికి వస్తే ‘నీవు’ అనదగిన స్త్రీ విందుకు బయట, ఇంటి దగ్గర ఉంది. ఆమె వంతు సగం రొట్టె కూడా పాత్రలోకే పోయింది. పుస్తకం అసలే లేదు. 1991 తరువాత ఆమె చేతికి పుస్తకం వచ్చింది. అది వచ్చాక ఆమె మొదట అడిగింది రొట్టె లెక్క. పారసీక మూలంలో ఉండి, ఇంగ్లీషు తోటనీడలో మరుగునపడిన ఆ సగం రొట్టెను తిరిగి గుర్తుచేసినవారు, ఖయ్యాం పేరు వినవలసిన అవసరం కూడా లేని ఆ కొత్త చదువరులు.

దీనివల్ల ‘పానశాల’ విలువ తగ్గదు. దాని విందుకు ఉన్న షరతు స్పష్టమవుతుంది. మధువు రొట్టెను హరించని చోట, పుస్తకం ఇద్దరి చేతుల్లోనూ ఉన్న చోట, ‘నీవు’ కూడా మాట్లాడగల చోట మాత్రమే ఆ పద్యం చెప్పే సుఖం సుల్తాను రాజ్యాన్ని మించుతుంది. అలాంటి చోటు లేనప్పుడు అదే పద్యం లోకంలో కొరవడినదానిని చూపుతుంది. మెట్టసీమ పాఠకునికి ఈ రెండో పఠనమే దగ్గరది.

తరగతి గదిలో ‘పానశాల’ను అనువాద కళకు, పద్యశిల్పానికి ఉదాహరణగా బోధించే పద్ధతి సరైనదే కాని చాలదు. ఆ కావ్యం పక్కన అక్షరాస్యతా వాచకంలోని పాఠాన్ని కూడా ఉంచి చదివించాలి. ఒకటి మహాకవి అనువాదం, మరొకటి రాత్రి బడి పాఠం అన్న తారతమ్యం ఆ పోలికకు అడ్డు కాకూడదు. బద్వేలు విద్యార్థుల్లో చాలామందికి రెండో పాఠంలోని ఇల్లు ముందే తెలిసి ఉంటుంది. ఆ ఇంటి నుంచి బయలుదేరి మొదటి పుస్తకంలోని విందును చేరినప్పుడు, అక్కడ తమకు చోటు ఉందా అని వారు అడుగుతారు. ఆ ప్రశ్నకు తావివ్వని ‘పానశాల’ బోధన ఎంత పాండిత్యంతో సాగినా, కావ్యంలోని ఒక పంక్తిని చదవకుండా దాటవేసినట్టే అవుతుంది.