మేకతోలులో బంగారు లేడి

బళ్ళారి పక్కన కప్పగల్లు గుట్ట రాళ్ళమీద కొత్త రాతియుగం మనుషులు పొడిచిన ఎద్దులున్నాయి. మూపురం, పొడవాటి కొమ్ములు, అంతా తెలుస్తుంది. కాకపోతే అవి నిలబడిపోయిన ఎద్దులు. జంతువు పరుగెత్తడం చూడాలంటే సిరుగుప్ప వైపు జనానికి తోలుబొమ్మలాటే దిక్కు.

జపానువాళ్ళు ఆ పరుగును కాగితపు చుట్టలో పట్టారు. క్యోటోలోని కోజాన్‌జీ ఆలయానికి చెందిన ‘చోజూ గిగా’ 12, 13 శతాబ్దాల నాటిది. నాలుగు చుట్టలు. రంగుల్లేవు, సిరా గీతలే. కప్ప కుందేలుతో కుస్తీ పడుతుంది. బుద్ధుడిలా కూర్చున్న కప్పకు సన్యాసి వేషంలో కోతి పూజ చేస్తుంది. కుడినుంచి ఎడమకు చుట్ట విప్పే కొద్దీ కథ సాగుతుంది. అక్కడ వేగం చూసేవాడి చేతిలో ఉంది. మన దగ్గర ఆడించేవాడి చేతిలో.

మేకతోలును నానబెట్టి, బొచ్చు గీకి, బిగలాగి ఆరబెడితే వెలుతురు పారే పొర అవుతుంది. దానిమీద బొమ్మ గీసి, కత్తిరించి, ఉలితో చిల్లులు కొట్టి, రెండువైపులా రంగు వేస్తారు. అందుకే తెరమీద నల్లని నీడ కాదు, రంగుల నీడ పడుతుంది. దేవతల బొమ్మలకు ఒకప్పుడు జింకతోలు వాడేవారు. ఇప్పుడు బంగారు లేడి కూడా మేకే!

ఆ లేడి ఒంటిమీది చుక్కలు చూడండి. పగలు అవి ఉత్త చిల్లులు. వెనక దీపం పెట్టగానే మెరుస్తాయి. మారీచుడి మాయకు ఇంతకంటే తగిన పనితనం నాకు తోచదు. తల విడిగా కట్టిన బొమ్మైతే పరుగెడుతూ వెనక్కి తిరిగి చూస్తుంది, రాముణ్ణి ఊరిస్తుంది. హనుమంతుడి సంగతి వేరు. తెరకు ఆనించినంతసేపూ గీత గీతా స్పష్టం. దీపం వైపు లాగితే ఆకారం పెరిగి, అంచులు చెదురుతాయి. సముద్రం దాటే ఘట్టానికి ఆ చెదరడమే అందం. కింద చెక్క పలకలు టకటకా తొక్కితే గుర్రాలొచ్చేస్తాయి.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పుడు ల్యాంప్‌షేడ్లమీద లేళ్ళు, నెమళ్ళు చేస్తున్నారు. వాటిని నేను తక్కువ చేయను, కూడు పెట్టేది అవే. అయితే చట్రానికి కుట్టిన లేడి మెడ తిప్పదు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో, కొప్పళ జిల్లా మోరనాళకు చెందిన భీమవ్వ శిళ్ళేక్యాతరకు 2025లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ బొమ్మలు ఆడించి పేరు తెచ్చుకున్నవాళ్ళే. కుర్రవాళ్ళకు ఉలి పట్టడం నేర్పేటప్పుడు ఏ పద్యానికి బొమ్మను ఎంత వెనక్కి లాగాలో, పలక ఎప్పుడు తొక్కాలో కూడా నేర్పాలి. అది తెరవెనక రాత్రంతా నిలబడితేనే వస్తుంది.